సాండ్ వైటింగ్: ఆస్ట్రేలియా తూర్పు తీరంలో గాలం వేసేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

సిడ్నీకో బ్రిస్బేన్‌కో కొత్తగా వచ్చి, వీకెండ్ బీచ్‌కి వెళ్ళి, పక్కాయన బకెట్‌లో వెండిలా మెరిసే సన్నటి చేపలు చూసి "ఇవి మనకెందుకు పడవు?" అనుకున్న తెలుగువాళ్ళు చాలామంది నన్ను అడిగిన ప్రశ్నలివి. నేనేమీ మత్స్యశాస్త్రవేత్తను కాను. ఉద్యోగం కంప్యూటర్ ముందు, సెలవు రోజు మోకాలి లోతు నీళ్ళలో. మొదటి ఏడాది దాదాపు ఖాళీ చేతులతోనే ఇంటికొచ్చాను కాబట్టి ఎక్కడెక్కడ తప్పు చేస్తారో మాత్రం బాగా తెలుసు.

వైటింగ్ అంటే ఏ చేప? ఒక్కొక్కరు ఒక్కోటి చూపిస్తున్నారు.

ఆ తికమక మీ ఒక్కరిది కాదు. ఇంగ్లండ్‌లో వైటింగ్ అంటే కాడ్ చేపకు దాయాది. అమెరికా తూర్పు తీరంలో అలల్లో గాలానికి పడే వైటింగ్ మరో కుటుంబం, క్రోకర్ల జాతి. ఆస్ట్రేలియాలో వైటింగ్ అంటే సిల్లాజినిడే కుటుంబం. ఈ మూడింటికీ పేరు తప్ప చుట్టరికం లేదు. ఇక్కడ మనం మాట్లాడుకునేది సిల్లాగో సిలియాటా, అంటే సాండ్ వైటింగ్. ఎండాకాలంలో ఎక్కువగా పడుతుంది కాబట్టి సమ్మర్ వైటింగ్ అనీ అంటారు. క్వీన్స్‌లాండ్ ఉత్తర కొస కేప్ యార్క్ నుంచి కిందికి న్యూ సౌత్ వేల్స్ మీదుగా విక్టోరియా తూర్పు భాగం, టాస్మానియా తూర్పు తీరం దాకా ఉంటుంది.

మెల్‌బోర్న్, అడిలైడ్ వైపు వాళ్ళు గొప్పగా చెప్పుకునేది కింగ్ జార్జ్ వైటింగ్. అది ఇదే కుటుంబమే గానీ వేరే చేప. దాని ఒళ్ళంతా గోధుమరంగు చుక్కలుంటాయి.

చూడగానే ఎలా గుర్తుపట్టాలి?

ఒళ్ళు సన్నగా పొడుగ్గా, మూతి కోసుగా, నోరు కిందివైపుకి చిన్నగా. వీపు ఇసుక రంగు, పొట్ట తెలుపు. కింది రెక్కలు లేత పసుపు. ఒళ్ళంతా ఒకటే రంగు, మచ్చలుండవు. అసలు గుర్తు పక్క రెక్క మొదట్లో ఉంటుంది: రెక్క ఒంటికి అతికే చోట నలుపు నీలం కలిసిన ఒక మరక. సిరా అంటిన వేలితో తాకినట్టు ఉంటుంది. ఆ మరక లేకుండా పక్కన బంగారు చార ఉంటే గోల్డెన్‌లైన్ వైటింగ్. ఒంటి మీద అడ్డదిడ్డంగా మురికి మచ్చలుంటే ట్రంపెటర్ వైటింగ్, దాన్నే క్వీన్స్‌లాండ్‌లో వింటర్ వైటింగ్ అంటారు.

ఈ తేడాలు పట్టించుకోవాలి. ఒక్కో రకానికి సైజు, లిమిట్ రూల్స్ వేరు.

ఎంత పెద్దదవుతుంది?

మహా అయితే అర మీటరు, కిలో పైచిలుకు. మామూలుగా పడేవి 25 నుంచి 35 సెంటీమీటర్లు. 40 దాటితే ఇక్కడివాళ్ళు ఎల్బో స్లాపర్ అంటారు: తల పట్టుకుని పైకెత్తితే తోక వచ్చి మోచేతికి కొడుతుందని. నాకు అలాంటిది ఒక్కటే పడింది. అప్పుడు ఫోటో తీసేవాళ్ళు పక్కన లేరు, అందుకే ఇంట్లో ఇప్పటికీ ఎవరూ నమ్మరు.

ఇది మన దేశంలోనూ ఉందా?

ఇదే చేప లేదు. దీని దగ్గరి బంధువు సిల్లాగో సిహామా మాత్రం ఎర్ర సముద్రం నుంచి భారత తీరమంతా, అక్కడి నుంచి ఉత్తర ఆస్ట్రేలియా దాకా ఉంటుంది. మంగుళూరు వాళ్ళ కానె, చెన్నై వాళ్ళ కిళంగాన్ అదే. ఇంగ్లిషులో లేడీఫిష్ అని అమ్ముతారు. మీరు తినే ఉంటారు.

బీచ్ ఇంత పెద్దగా ఉంది. చేప ఎక్కడుంటుంది?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

అందరూ చేసే తప్పు ఒకటే. రాడ్ పెద్దది, సీసం గుండు బరువు, బలమంతా పెట్టి అలల అవతలికి విసరడం. సముద్రం పెద్దది కాబట్టి చేప దూరంగా ఉంటుందని మన నమ్మకం. వైటింగేమో మీ పాదాలకు పది పదిహేను అడుగుల దూరంలో, వెనక్కి జారే నీళ్ళలో మేస్తుంటుంది. చంకలో పిల్లనుంచుకుని ఊరంతా వెతికినట్టు, నేను దాదాపు ఆరు నెలలు చేపల నెత్తి మీదుగా విసిరాను. పైగా చేపలున్న చోటే నడుం లోతు నీళ్ళలో నిలబడి విసిరాను.

అది అక్కడే ఎందుకుంటుందంటే దాని తిండి అక్కడే ఉంటుంది. ఇసుకలో ఉండే పురుగులు, యాబీలు (ఇసుకలో కన్నాలు చేసుకుని ఉండే రొయ్యలాంటి చిన్న జీవులు), చిన్న పీతలు, లేత గవ్వలు, ఇవే దాని ఆహారం. అల వచ్చి విరిగినప్పుడు ఇసుక కదిలి అవి బయటపడతాయి. వైటింగ్ ఆ మూతిని ముందుకు సాచి, గొట్టంతో పీల్చినట్టు లాగేసుకుంటుంది. అలలు తిరగేసి పెట్టిన ఇసుకే దానికి విస్తరి.

బీచ్‌కి వెళ్ళగానే నీళ్ళలోకి దిగకండి. కాస్త ఎత్తయిన చోట నిలబడి ఐదు నిమిషాలు చూడండి. అలలు విరిగి తెల్లటి నురగ కనిపించే చోట ఇసుకమేట ఉంటుంది. ఆ నురగకూ ఒడ్డుకూ మధ్య అల విరగకుండా, రంగు కొంచెం ముదురుగా కనిపించే పట్టీయే గటర్. ఇసుకలో పడిన కాలువ లాంటిదన్నమాట. పెద్ద చేపల కోసం వెళ్ళేవాళ్ళు లోతైన గటర్ వెతుకుతారు. మనకి నడుం లోతుకు మించనిది చాలు. గటర్ అంచుల్లో, ఇసుకమేట వాలులో, రెండు మూలల్లో వేయండి. మొదటి నాలుగు సార్లు పొడి ఇసుక మీద నిలబడే వేయండి. అక్కడ ఏమీ లేదని తేలాక చీలమండ లోతు, తర్వాత మోకాలి లోతు.

బీచ్ ఒక్కటే కాదు. నది సముద్రంలో కలిసే మొగ, ఉప్పుటేరు, లోపలి ఇసుక తిన్నెలు కూడా దీని ఇల్లే. పిల్ల చేపలు లోపలి ప్రశాంతమైన నీళ్ళలోనే పెరుగుతాయి, పెద్దవి వేసవిలో మొగ దగ్గర గుడ్లు పెడతాయి. క్వీన్స్‌లాండ్‌లో జంపిన్‌పిన్, పమిస్‌స్టోన్ ప్యాసేజ్, న్యూ సౌత్ వేల్స్‌లో స్వాన్సీ ఛానల్, బాటనీ బే దీనికి పేరున్న చోట్లు. బాటనీ బేలో, లేక్ మాక్వరీలో 2002 నుంచి వలలతో వాణిజ్య వేట లేదు. గాలం వేసేవాళ్ళకే వదిలారు.

ఏ నెలల్లో, ఏ టైమ్‌లో వెళ్ళాలి?

ఇక్కడి వేసవి, అంటే అక్టోబర్ నుంచి మార్చి దాకా. చలికాలంలోనూ పడతాయి గానీ గంటలు గంటలు నిలబడాలి.

గడియారం కంటే పోటు ముఖ్యం. పాటు వేళ బయటపడిన ఇసుక తిన్నెల్ని ఒకసారి నడిచి చూసుకోండి. యాబీ కన్నాలు, సోల్జర్ పీతల గుంపులు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోండి. పోటు ఎక్కుతూ ఆ చోట్లని కప్పేటప్పుడు చేపలు వాటి మీదికి మేతకొస్తాయి. ఎక్కే పోటులో ఆఖరి రెండు గంటలు నాకు బాగా కలిసొచ్చాయి. తెల్లవారుజామున అయితే మరీ మంచిది. నీళ్ళు అద్దంలా తేటగా ఉండి, నెత్తిన ఎండ ఉంటే ఇవి బాగా బెదురుతాయి. రాత్రిపూట పెద్దవి ధైర్యంగా ఒడ్డుకొస్తాయి, కాకపోతే టార్చ్ నీళ్ళ మీదికి కొట్టకూడదు.

మంచి ఎర ఏది?

బీచ్‌లో అయితే బీచ్‌వార్మ్, అంటే తడి ఇసుకలో ఉండే పొడుగాటి పురుగు. దాని తర్వాతే మిగతావన్నీ. లోపలి నీళ్ళలో యాబీ. దాన్నే న్యూ సౌత్ వేల్స్‌లో నిప్పర్ అంటారు, పంపుతో ఇసుక పీల్చి తీస్తారు. ఫ్రీజర్‌లోంచి తీసిన రొయ్య కూడా పనిచేస్తుంది గానీ దానికి ముందు ప్రతి చిల్లర చేపా వచ్చి ముక్కు పెడుతుంది.

బీచ్‌వార్మ్ పట్టడం వేరే విద్య. షాపులో కొనుక్కోవచ్చు, కానీ ఒక్కసారైనా పట్టి చూడండి. పాటు వేళ, అల వెనక్కి జారుతున్న తడి ఇసుక మీద ఒక పాత మేజోడులో చేప తలకాయలు కుక్కి అటూ ఇటూ లాగుతారు. ఎంత కంపు కొడితే అంత మంచిది. ఆ వాసనకి పురుగు తల ఇసుక పైకి వస్తుంది, ఒక చిటికెన వేలి గోరంత. పలచటి నీళ్ళు దాన్ని తాకి రెండుగా చీలి, ఇంగ్లిషు వి అక్షరంలా గీత పడుతుంది. ఆ గీత దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, పిపి (ఇసుకలో దొరికే రెండు చిప్పల గవ్వ) మాంసం ముక్కని దాని నోటికి అందించాలి. అది కరిచి లాగుతుంది. తొందరపడకూడదు. కాసేపటికి ఇంకా గట్టిగా లాగడానికి మెడ విల్లులా వంచుతుంది. ఆ క్షణంలో బొటనవేలు, చూపుడువేలు ఇసుకలో దించి మెడ కింద నొక్కి పట్టాలి. ఒక్క క్షణం ముందైనా, వెనకైనా అంతే సంగతులు. పట్టు దొరికాక గుంజకుండా ఒకే ఊపుతో తీయాలి, లేకపోతే తెగుతుంది. మీటరు పొడవు మామూలే, రెండు మీటర్లు దాటేవీ ఉన్నాయి. నాకు మొదటిది దొరకడానికి మూడు వారాలు పట్టింది. పక్కన ఏడెనిమిదేళ్ళ పిల్లాడు మాత్రం వరసపెట్టి తీస్తూనే ఉన్నాడు.

పట్టిన పురుగుని నీళ్ళలో వేయకండి, పాడవుతుంది. పొడి ఇసుకలో దొర్లించి నీడన పెట్టండి. ఇసుక అంటితే చేతికి జారదు, గాలానికి ఎక్కించడం తేలిక. న్యూ సౌత్ వేల్స్‌లో ఒక మనిషికి 20 పురుగులే లిమిట్, తెగిన ముక్క కూడా లెక్కే.

పిపిలు ఏరుకుని ఇంటికి తెచ్చి వండుకోవచ్చా?

న్యూ సౌత్ వేల్స్‌లో కుదరదు. ఎరకి మాత్రమే, 50 వరకు తీసుకోవచ్చు, పెద్ద పోటు గీత నుంచి 50 మీటర్లు దాటించకూడదు. సముద్రపు నాచు విషాలు దాంట్లో చేరే ప్రమాదం ఉంది కాబట్టి ఆ రూల్ పెట్టారు. "నాలుగే కదా" అని కవర్లో వేసుకుని కారెక్కినా తప్పే.

రాడ్, లైన్, గాలం ఎలాంటివి కావాలి?

తేలికవి. ఏడు నుంచి తొమ్మిది అడుగుల మెత్తటి కొస ఉన్న రాడ్, 2500 సైజు రీల్, 6 నుంచి 8 పౌండ్ల లైన్. గాలం కాడ పొడుగ్గా ఉండే 4 లేదా 6 నంబర్. నోరు చిన్నది కదా, పెద్ద గాలం దానికి పట్టదు. సీసం గుండు లైన్ మీద జారుతూ ఉండాలి, కింద స్వివెల్ (లైన్ మెలిపడకుండా తిరిగే చిన్న కొక్కెం), దాని నుంచి గాలానికి ఒక మీటరు లీడర్, అంటే చివరి లైన్ ముక్క. గుండు ఎంత బరువు అంటే, అలకి ఎర నెమ్మదిగా దొర్లేంత. ఒకచోట పాతుకుపోయిందంటే బరువెక్కువైనట్టు. గాలం పైన చిన్న ఎర్ర ట్యూబో పూసో గుచ్చుతారు చాలామంది. అది చేపకి పురుగులా కనిపిస్తుందో లేక మనకి ధైర్యమిస్తుందో గానీ నేనూ గుచ్చుతాను.

టకటకా కొడుతుంది, లాగితే ఖాళీ గాలం వస్తుంది. ఎందుకు?

రాడ్‌ని ఇసుకలో పాతిన గొట్టంలో పెట్టి కుర్చీలో కూర్చున్నారా? అదే కారణం అయ్యుంటుంది. వైటింగ్ కదిలే ఎర వెంట పడుతుంది. వేశాక రాడ్ చేతిలోనే ఉంచుకుని, నడిచే నడకలో సగం వేగంతో చుడుతూ ఉండండి. టకటక మొదలవగానే గుంజకండి. అదే వేగంతో చుడుతూ ఉంటే, చేప వెంటపడి వచ్చి దానంతటదే బరువుగా తగులుతుంది. అప్పుడు రాడ్ కొంచెం పైకెత్తితే చాలు.

ఎర కూడా చూసుకోండి. పురుగుని గాలం కాడ పైదాకా ఎక్కించి, కొసన ఒక సెంటీమీటరు మాత్రమే వేలాడనివ్వాలి. బారెడు వదిలితే తోక కొరుక్కుని పోతుంది.

ప్లాస్టిక్ లూర్లకి, అంటే ఉత్తుత్తి ఎరలకి పడుతుందా?

పడుతుంది, అదీ నీటి పైన. పురుగులు తినే చేప నీటి మీద లూర్ కొడుతుందంటే నేనూ మొదట నవ్వాను. వేసవిలో లోపలి ఇసుక తిన్నెల మీద, గాలికి నీళ్ళు కాస్త చెదిరి ఉన్నప్పుడు చిన్న పాపర్ (నీటి పైన చిమ్ముతూ వచ్చే లూర్) వేసి ఆపకుండా చుడితే వెనక నాలుగైదు చేపలు వరసగా వస్తాయి. పారిపోతున్న రొయ్య అనుకుంటాయి. బ్రీమ్ చేపకైతే మధ్యలో లూర్ ఆపాలి. వైటింగ్‌కి ఆపితే వెనక్కి తిరిగి వెళ్ళిపోతుంది.

లైసెన్స్ కావాలా? సైజు, సంఖ్య రూల్స్ ఏంటి?

న్యూ సౌత్ వేల్స్‌లో 18 ఏళ్ళు నిండినవాళ్ళు ఫీజు కట్టాలి. పెన్షన్ కార్డులున్నవాళ్ళు, ఇంకొందరికి మినహాయింపు ఉంది. చేపకే కాదు, ఎర ఏరుకోవడానికీ ఆ రసీదు ఉండాలి. రాడ్ పట్టుకుని నీళ్ళ పక్కన నిలబడినా లెక్కే. "నేను వేయట్లేదు సార్, మా బావది పట్టుకున్నానంతే" అన్నమాట చెల్లదు. క్వీన్స్‌లాండ్‌లో సముద్రంలో గాలం వేయడానికి లైసెన్స్ అక్కర్లేదు.

సాండ్ వైటింగ్ న్యూ సౌత్ వేల్స్‌లో కనీసం 27 సెంటీమీటర్లుండాలి, రోజుకి 20 మించకూడదు. క్వీన్స్‌లాండ్‌లో కనీసం 23, మీ దగ్గర ఉండాల్సినవి 30 లోపు. ఆ 30లో గోల్డెన్‌లైన్, నార్తర్న్ వైటింగ్‌లు కూడా కలిపే లెక్క. ఇంట్లో ఫ్రీజర్‌లో ఉన్నవీ అందులోకే వస్తాయి. మూతి కొస నుంచి తోక కొస దాకా కొలవాలి. రూల్స్ మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు ఆ రాష్ట్ర ప్రభుత్వ యాప్‌లో చూసుకోండి. మెరైన్ పార్కుల్లో సాంక్చురీ జోన్ అయితే అసలు గాలమే వేయకూడదు.

జానతో కొలవొద్దు. నా జాన 22 అనుకుని ఏడాది పాటు దాని మీదే లెక్కేశాను. ఒకసారి టేపుతో చూస్తే ఇరవైన్నర. అప్పటికి ఎన్ని చిన్నవి ఇంటికొచ్చాయో తలుచుకుంటే సిగ్గేసింది. స్టిక్కర్ స్కేలు టాకిల్ షాపుల్లో దొరుకుతుంది, ఎర డబ్బా మూత మీద అంటించుకోండి.

చిన్నది పడితే ఎలా వదలాలి?

చెయ్యి తడి చేసుకుని పట్టుకోండి, పొడి చేతికి దాని జిగురు పొర ఊడిపోతుంది. గాలం లోపలికి మింగేస్తే పీకకండి, లైన్ దగ్గరగా కత్తిరించి వదిలేయండి.

సిడ్నీ హార్బర్‌లో పట్టింది తినొచ్చా?

హార్బర్ బ్రిడ్జికి పడమర పట్టినది తినొద్దని ప్రభుత్వమే చెబుతోంది. పాత ఫ్యాక్టరీల నుంచి డయాక్సిన్లనే విష రసాయనాలు అడుగు మట్టిలో చేరాయి. 2006లో హార్బర్‌లో వాణిజ్య వేట ఆపేసింది అందుకే. బ్రిడ్జికి తూర్పున పట్టినవాటికి, ఏ రకం నెలకి ఎంత తినొచ్చో పట్టిక ఉంది. నాకా లెక్కలు గుర్తుండవు, అందుకని అక్కడ పట్టినవి వదిలేస్తాను.

శుభ్రం చేయడం, వండటం?

పట్టగానే ఐసు, సముద్రపు నీళ్ళు కలిపిన డబ్బాలో వేయండి. ఎండలో బకెట్‌లో గంట ఉంటే మాంసం మెత్తబడిపోతుంది, ఆ తర్వాత ఎంత మసాలా వేసినా లాభం లేదు. న్యూ సౌత్ వేల్స్‌లో నీళ్ళ దగ్గర పొట్ట, మొప్పలు తీయొచ్చు గానీ ముక్కలు చేయకూడదు. తల తోక ఉంటేనే కదా ఆఫీసర్ కొలవగలిగేది.

పొలుసులు సన్నగా, గట్టిగా ఉంటాయి. తోక నుంచి తల వైపు చెంచా వెనక భాగంతో రుద్దితే ఎగరకుండా వస్తాయి. పులుసు పెట్టొచ్చా అని అందరూ అడుగుతారు. పెట్టొచ్చు, కానీ ఇది మెత్తటి తెల్ల మాంసం, గరిట తగిలితే విడిపోతుంది. చింతపండు ముందు దీని రుచి నిలబడదు కూడా. నా ఓటు వేపుడుకే: ఉప్పు, కారం, పసుపు, కొంచెం నిమ్మరసం, పైన పలచగా బియ్యప్పిండి. రెండు వైపులా రెండేసి నిమిషాలు. పిల్లలకి పెడితే ఫిల్లెట్ మధ్య గీతలో వేలితో తడిమి సన్న ముళ్ళు తీసేయండి.

పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా? ప్రమాదం ఏమైనా ఉందా?

వైటింగ్‌తో ఏమీ లేదు. వెన్ను రెక్క ముళ్ళు గుచ్చుకుంటాయంతే, విషం లేదు. అదే గాలానికి ఫ్లాట్‌హెడ్ పడితే దాని చెంపల దగ్గర ముళ్ళు జాగ్రత్త. నీళ్ళలో అడుగులు ఎత్తి వేయకుండా ఇసుక మీద ఈడుస్తూ నడవండి, ఇసుకలో పడుకున్న టేకు చేప ఆ అలికిడికి తప్పుకుంటుంది. అసలు భయపడాల్సింది రిప్ కరెంటుకి. ఒడ్డు వెంట సాగే గటర్ ఎక్కడో ఒకచోట సముద్రంలోకి తిరుగుతుంది, ఆ నీటి లాగుడే రిప్. పిల్లలతో వెళ్ళేటప్పుడు బీచ్ మానేసి లోపలి ఇసుక తిన్నెలకే వెళ్ళండి. ఎరుపు పసుపు జెండాల మధ్య గాలం వేయకండి, అది ఈతవాళ్ళ చోటు.

ఒక పూటకి ఎన్ని పడతాయి?

తెలిసినవాళ్ళు పన్నెండు పదిహేను పట్టడం చూశాను. నాకు నాలుగు పడితే ఆ రోజు బాగున్నట్టు. మొన్న డిసెంబర్‌లో ఒక ఆదివారం ఉదయం ఐదున్నర నుంచి ఎనిమిది దాకా నిలబడితే మూడు తగిలాయి. ఒకటి 31, ఒకటి 29. మూడోది స్కేలు మీద ఎంత సర్ది పెట్టినా 26న్నర దగ్గరే ఆగింది. నీళ్ళలో పెట్టగానే నా రెండు కాళ్ళ మధ్య నుంచే వెళ్ళింది.